చిత్తుప్రతీ సాపుప్రతీ: మొక్క కణంలో జన్యువుల వలస

మన కథల్లో ఒక మాట తరచుగా వినిపించేది: "వాడి రక్తంలోనే ఉంది." ఇప్పుడు దాని స్థానంలో "వాడి జీన్స్‌లోనే ఉంది" అనే మాట వచ్చింది. మాట మారిందే గాని భావం మారలేదు. తండ్రి జూదరి గనుక కొడుకు జూదరి, తాత మోతుబరి గనుక మనవడికి ఆ దర్పం. ఆధునికత పేరుతో వచ్చిన ఈ మాట వెనక పాత కర్మ సిద్ధాంతమే దాక్కుని ఉంది. దానికి ఆధారంగా నిలిచేది ఒక ఊహాచిత్రం: జన్యువు అంటే శిలాశాసనం. ఎవరో ఎప్పుడో చెక్కారు, అది ఉన్నచోటనే ఉంటుంది, చెక్కినట్టే చదవాలి.

జీవశాస్త్రం ఈ చిత్రాన్ని ఎప్పుడో వదిలేసింది. జన్యువులు కదులుతాయి. కణంలో ఒక చోటు నుంచి మరో చోటికి వలసపోతాయి. పోయేటప్పుడు తరచు అవి ఉన్న రూపంలో పోవు, దిద్దబడిన రూపంలో పోతాయి. పోయినచోట ఊరికే పనిచేయవు, అక్కడి పరిస్థితులతో పొత్తు కుదిరితేనే పనిచేస్తాయి. మొక్కల కణాల్లో మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి జరిగే ఈ వలస గురించి సాహిత్య విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం. దీనికి ప్రపంచ శాస్త్రజ్ఞులకు దొరికిన ప్రసిద్ధమైన సాక్ష్యం ఎక్కడో కాదు, మన వంటింటి డబ్బాల్లోనే ఉంది. అవి పెసలు, అలసందలు.

1. కణంలో రెండు పుస్తకాల గూళ్లు

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం తెలుగులో చదివినవారికి కణం బొమ్మ గుర్తుండే ఉంటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, నారాయణగూడ పక్కనే హిమాయత్‌నగర్ నుంచి, కొన్ని తరాలకు ఆ బొమ్మను తెలుగు పేర్లతో అందించింది. మధ్యలో కేంద్రకం, చుట్టూ కణద్రవ్యం, అందులో అక్కడక్కడ చిన్న చిన్న మైటోకాండ్రియాలు. వాటికి 'శక్త్యాగారాలు' అని పేరు. తిన్న ఆహారాన్ని పీల్చిన ప్రాణవాయువుతో దహించి, కణానికి చెల్లుబాటయ్యే శక్తి నాణెంగా మార్చేవి ఇవే. ఆ నాణెం పేరు ఏ.టి.పి. దాన్ని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఈ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు.

వంశలక్షణాలన్నీ కేంద్రకంలోని క్రోమోజోముల్లోనే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 1909లోనే కార్ల్ కొరెన్స్, ఎర్విన్ బావర్ మచ్చల ఆకుల మొక్కల మీద ప్రయోగాలు చేసి, కొన్ని లక్షణాలు కేంద్రకపు లెక్కకు లొంగవని చూపారు. మైటోకాండ్రియాలో సొంత డి.ఎన్.ఏ. ఉందని 1963లో తేలింది. కనుక కణంలో పుస్తకాల గూడు ఒకటి కాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం లాంటి పెద్ద భాండాగారం కేంద్రకంలో ఉంటే, పని జరిగే చోటనే ఒక చెక్క అలమరలో పెట్టుకున్న కొద్దిపాటి పుస్తకాల్లాంటివి మైటోకాండ్రియాలో ఉన్నాయి. మొక్కల్లో మూడో గూడు కూడా ఉంది. అది హరితరేణువుల్లో.

ఈ చిన్న గూటి పరిమాణం ఎంత? మనిషి మైటోకాండ్రియాలో 16,569 అక్షరాలు, 37 జన్యువులు ఉన్నాయి. ఆ జన్యువుల్లో ప్రొటీన్లకు సంబంధించినవి 13 మాత్రమే. మొక్కల్లో గూడు ఇంతకంటె చాలా పెద్దది. ప్రయోగశాలల్లో విరివిగా వాడే అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో సుమారు 3,67,000 అక్షరాలు ఉన్నాయి. పెసర మైటోకాండ్రియాలో సుమారు 4 లక్షలు. అక్షరాలు ఎక్కువే గాని వాటిలో జన్యువులు కొద్దే, అరబిడాప్సిస్‌లో 57. అయితే మైటోకాండ్రియా పనిచేయడానికి వెయ్యికి పైగా ప్రొటీన్లు కావాలి. మిగిలినవన్నీ కేంద్రకంలో ఉన్న జన్యువుల ఆదేశం మీద బయట తయారై లోపలికి దిగుమతి కావలసిందే.

ఇలా ఎందుకు జరిగింది? మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. 150 కోట్ల సంవత్సరాలకు పూర్వమే మరో కణంలో చేరి అక్కడే స్థిరపడింది. ఈ ఊహను 1927లో ఐవన్ వాలిన్ ప్రతిపాదిస్తే శాస్త్రజ్ఞులు నవ్విపోయారు. 1967లో లిన్ మార్గులిస్ మరింత బలమైన ఆధారాలతో మళ్లీ చెప్పింది. ఆమె వ్యాసాన్ని ఎన్నో పత్రికలు తిప్పిపంపాక గాని అది అచ్చు కాలేదు. తర్వాత డి.ఎన్.ఏ. అక్షరాలు చదవడం సాధ్యమయ్యాక ఆ ఊహ రుజువైంది. స్వతంత్రంగా బతికే బాక్టీరియాకు వేలకొద్దీ జన్యువులు ఉంటాయి. మైటోకాండ్రియాలో పదుల్లోనే మిగిలాయి. తక్కినవాటిలో కొన్ని అవసరం లేక నశించాయి, చాలా భాగం కేంద్రకానికి చేరాయి.

జంతువుల్లో ఈ వలస ఏనాడో దాదాపు ఆగిపోయింది. దానికొక కారణం భాష. జంతువుల మైటోకాండ్రియా లిపిలో కొన్ని సంకేతాల అర్థం మారిపోయింది. అక్కడ ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాటకు కేంద్రకం భాషలో 'ఇక్కడ ఆపు' అని అర్థం. అలాంటి పాఠం కేంద్రకానికి చేరినా నడి వాక్యంలో తెగిపోతుంది. మొక్కల మైటోకాండ్రియా మాత్రం కేంద్రకం భాషనే వాడుతోంది. కనుక మొక్కల్లో దారి మూసుకుపోలేదు. వలస ఇంకా సాగుతూనే ఉంది. అందువల్లనే దాన్ని రకరకాల దశల్లో చూడడానికి వీలు కలుగుతోంది.

2. పెసర చేలో దొరికిన సాక్ష్యం

శ్వాసక్రియలో చివరి మెట్టు దగ్గర ప్రాణవాయువును అందుకునే ఒక పెద్ద ఎంజైమ్ ఉంది. దాని భాగాల్లో ఒకదానికి ఆదేశం ఇచ్చే జన్యువు పేరు కాక్స్-2. మనిషి నుంచి వరి దాకా ఇది మైటోకాండ్రియా గూటిలోనే ఉంటుంది. ఇది కదలని జన్యువేమో అనిపించేంతగా ఎక్కడ చూసినా అక్కడే కనిపించింది.

1991లో అమెరికాలో జాక్వెలిన్ న్యూజెంట్, జెఫ్రీ పామర్ పప్పుజాతి మొక్కలను పరీక్షించారు. అలసంద, పెసర మొక్కల మైటోకాండ్రియాలో కాక్స్-2 కనిపించలేదు. అది లేకపోతే మొక్క ఊపిరి తీయలేదు. మొక్క మాత్రం బతికే ఉంది. వెదికితే ఆ జన్యువు కేంద్రకంలో దొరికింది! సోయాలో రెండుచోట్లా ప్రతులున్నాయి, కాని పనిచేసేది కేంద్రకంలోదే, మైటోకాండ్రియాలోది మూగబోయింది. బఠాణీలో పనిచేసేది పాత చోటున్న ప్రతే. ఒకే కుటుంబంలోని దాయాదుల్లో ఒకరింట్లో పాత ప్రతి, మరొకరింట్లో కొత్త ప్రతి, ఇంకొకరింట్లో రెండూ. వలస కథలోని అధ్యాయాలన్నీ ఒకే వంశంలో చదువుకోవచ్చు.

నారాయణగూడ హోటల్లో పెసరట్టు తినేవారు ఆ గింజ లోపల ఇంత పెద్ద చారిత్రక మార్పు ఉందని ఊహించరు. మినపట్టుకు కలిపే బియ్యంలో ఆ జన్యువు మైటోకాండ్రియాలోనే ఉంది, పెసరలో కేంద్రకానికి చేరింది. రుచిలో, బలంలో దీనివల్ల వచ్చిన తేడా ఏమీ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దీని ప్రాముఖ్యం తర్వాత తెలుస్తుంది.

3. పోయింది సాపుప్రతి

ఇక సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే ఘట్టం. పుష్పించే మొక్కల మైటోకాండ్రియాలో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉందని 1989లో బయటపడింది. అక్కడి డి.ఎన్.ఏ.లో రాసి ఉన్నది అలాగే చదివితే ప్రొటీన్ సరిగా రాదు. ముందు దానికి ఆర్.ఎన్.ఏ. నకలు తీస్తారు. ఆ నకలులో కొన్నిచోట్ల 'సి' అక్షరాన్ని 'యు' అక్షరంగా దిద్దుతారు. ఆ దిద్దిన నకలు నుంచి ప్రొటీన్ తయారవుతుంది. అరబిడాప్సిస్ మైటోకాండ్రియాలో ఇలాంటి దిద్దుబాట్లు 400కు పైగా ఉన్నాయి. మూలంలో తప్పు అలాగే ఉంటుంది. ప్రతి తరంలో, ప్రతి కణంలో, నకలు తీసిన ప్రతిసారీ మళ్లీ దిద్దుతూ ఉండవలసిందే. చిక్కడపల్లి ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దిన మిత్రులకు ఈ బాధ తేలికగా అర్థమవుతుంది.

కేంద్రకంలో దొరికిన కాక్స్-2 అక్షరాలు చదివినప్పుడు ఒక విశేషం కనబడింది. మైటోకాండ్రియాలో దిద్దుబాటు జరగవలసిన చోట్ల, కేంద్రకపు ప్రతిలో దిద్దిన అక్షరమే ఉంది. అంటే చిత్తుప్రతి పోలేదు, సాపుప్రతి పోయింది. మైటోకాండ్రియాలో దిద్దిన ఆర్.ఎన్.ఏ. నకలు నుంచి మళ్లీ డి.ఎన్.ఏ. తయారై అది క్రోమోజోములో చేరింది. 1992లో కెనడాలో ప్యాట్రిక్ కొవెల్లో, మైకేల్ గ్రే సోయా మీద చేసిన పరిశీలన కూడా ఈ నిర్ణయాన్నే బలపరచింది. ఇలా జరగకపోతే వలస వ్యర్థమయ్యేది, ఎందుకంటే మైటోకాండ్రియాలోని ఆ దిద్దుబాటుదారులు కేంద్రకంలో పనిచేయరు. దిద్దని పాఠం అక్కడికి చేరితే తప్పులతోనే అచ్చయ్యేది.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవారి చేతుల్లో తిరిగే నోట్సు సంగతి చూడండి. ఎవరో గ్రంథాలయంలో పుస్తకం చూసి రాసుకున్నారు, మరొకరు తప్పులు దిద్దారు, ఆ దిద్దిన ప్రతి జెరాక్సు దుకాణం చేరింది. ఏడాది తిరిగేసరికి అసలు పుస్తకం అడిగేవారు లేరు, ఆ నోట్సే మూలంగా చలామణి అవుతోంది. పాఠ పరిష్కరణ చదువుకున్నవారు ఏ తాళపత్రం దేనికి నకలో అచ్చంగా ఇలాగే తేలుస్తారు: ఏ దిద్దుబాట్లు, ఏ తప్పులు రెంటిలో ఉమ్మడిగా ఉన్నాయో చూసి. జన్యు శాస్త్రజ్ఞులు పెసర, అలసంద, సోయాల ప్రతులను ముందు పెట్టుకుని చేసిన పని కూడా అదే.

అన్ని వలసలూ ఆర్.ఎన్.ఏ. దారినే జరగవు. డి.ఎన్.ఏ. ముక్కలు నేరుగా వచ్చిపడిన సందర్భాలు కూడా ఉన్నాయి. అరబిడాప్సిస్ రెండో క్రోమోజోములో మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. మొత్తాన్ని మించిన పొడవు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. అక్కడ 6 లక్షలకు పైగా అక్షరాలున్నాయి, కొన్ని భాగాలు రెండేసి సార్లు పడ్డాయి. కాని అది పనిచేయని బరువు. చేరడం వేరు, పనిలోకి రావడం వేరు.

4. చిరునామా లేని ఉత్తరం

కేంద్రకంలో చేరిన జన్యువు ముందు రెండు సమస్యలు ఉంటాయి. మొదటిది, దాన్ని చదవమని చెప్పే ఆరంభ సంకేతం ఆ పరిసరాల్లో దొరకాలి. రెండోది ఇంకా కఠినం. ప్రొటీన్ ఇప్పుడు కణద్రవ్యంలో తయారవుతుంది, దాని పని మాత్రం మైటోకాండ్రియా లోపల. లోపలికి పోవాలంటే ప్రొటీన్ మొదట్లో ఒక తోక ఉండాలి. ఆ తోక చిరునామా లాంటిది. గమ్యం చేరగానే దాన్ని కత్తిరించి పారేస్తారు. పాత చోట ఉన్నంతకాలం ఆ జన్యువుకు చిరునామాతో పనిలేదు, ఇంట్లో మనిషికి ఇంట్లోనే ఉత్తరం రాయం గదా! వలసపోయాక చిరునామా ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి జవాబు మన వరి చెప్పింది. మైటోకాండ్రియాకు సొంత ప్రొటీన్ కర్మాగారాలున్నాయి, వాటిని రైబోసోములంటారు. వాటిలో ఒక భాగానికి సంబంధించిన ఆర్.పి.ఎస్.-11 అనే జన్యువు వరిలో కేంద్రకానికి వచ్చింది. 1996లో జపాన్‌లో కదొవాకి బృందం దాన్ని చదివితే రెండు ప్రతులు దొరికాయి. ఒకదాని చిరునామా, అప్పటికే కేంద్రకంలో స్థిరపడ్డ మరో మైటోకాండ్రియా జన్యువు నుంచి తెచ్చుకున్నది. రెండో ప్రతి చిరునామా ఇంకో జన్యువు దగ్గరిది. ఎవరూ కొత్తగా సృష్టించుకోలేదు, ఉన్నవారి దగ్గర నకలు తీసుకున్నారు.

1999లో అదే వరిలో మరీ చిత్రమైన ఏర్పాటు కనిపించింది. ఆర్.పి.ఎస్.-14 అనే జన్యువు వచ్చి ఎస్.డి.హెచ్.-బి అనే మరో జన్యువు నడుమ ఉన్న ఖాళీ భాగంలో పడింది. ఆ రెండో జన్యువుకు అప్పటికే మైటోకాండ్రియా చిరునామా ఉంది. ఇప్పుడు కణం ఆ నకలును రెండు రకాలుగా కత్తిరించి అతుకుతుంది. ఒక విధంగా అతికితే పాత ప్రొటీన్, మరో విధంగా అతికితే కొత్త ప్రొటీన్. రెండింటికీ చిరునామా ఒకటే. పాత కాపురంలో వసారా ఒకటి అద్దెకు తీసుకుని, ఆ ఇంటి నంబరు మీదే ఉత్తరాలు తెప్పించుకున్నట్టు. వరి మైటోకాండ్రియాలో ఆర్.పి.ఎస్.-14 శిథిల రూపం ఇప్పటికీ కనిపిస్తుంది. అన్నం తినే ప్రతివారి కంచంలోనూ ఈ కాపురం ఉంది.

చిరునామా ఉన్నా గుమ్మం దాటలేని ప్రొటీన్లు కూడా ఉంటాయి. కాక్స్-2 ప్రొటీన్ నీటికి విముఖమైనది, పొరల్లో ఇరుక్కుపోయే స్వభావం గలది. ఆస్ట్రేలియాలో 2002లో డేలీ, వీలన్ మొదలైనవారు సోయా ప్రతిని పరీక్షించారు. ప్రొటీన్ మొదటి పొరభాగంలో రెండు అమైనో ఆమ్లాలు మారడంతో ఆ విముఖత తగ్గి, లోపలికి ప్రవేశం సాధ్యమైందని తేల్చారు. చిన్న మార్పు, కాని అది లేకుంటే వలస మొత్తం నిష్ఫలమయ్యేది. మైటోకాండ్రియాలో ఇంకా మిగిలిన జన్యువులు ఎందుకు మిగిలాయన్న ప్రశ్నకు ఒక సమాధానం ఇక్కడే ఉంది. వాటి ప్రొటీన్లు చాలావరకు ఇలా గుమ్మం దగ్గర చిక్కుకునే రకం. అక్కడికక్కడే శ్వాస వేగాన్ని బట్టి అదుపు చేసుకోవలసిన జన్యువులు దగ్గరే ఉండిపోయాయని జాన్ అలెన్ చెప్పిన మరో సిద్ధాంతం కూడా ఉంది.

5. ఇది పురోగమనమా?

అభ్యుదయ సాహిత్య విద్యార్థికి ఇక్కడ సహజంగానే ఒక ప్రశ్న కలుగుతుంది. ఈ వలసకు ఒక దిశ ఉందా? చెల్లాచెదురుగా ఉన్న అధికారం క్రమంగా కేంద్రానికి చేరుతోందా? లేక గ్రామాన్ని రాజధాని దోచుకుంటోందా? పాఠ్యగ్రంథాల్లో కేంద్రకాన్ని 'పాలనా కేంద్రం' అని వర్ణిస్తారు గనుక ఈ పోలిక చేతికి అందినట్టే ఉంటుంది. ఇద్దరు కవులు దీనిమీద రెండు పరస్పర విరుద్ధ కవితలు రాయవచ్చు, ఇద్దరికీ చప్పట్లు పడతాయి.

వాస్తవం ఏం చెబుతోంది? 1999లో కీత్ ఆడమ్స్, పామర్ బృందం 25కు పైగా పప్పుజాతి ప్రజాతుల్లో రెండు చోట్లా కాక్స్-2ను వెదికింది. తొమ్మిది మొక్కల్లో రెండు ప్రతులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఏడింటిలో రెంటికీ నకళ్లు తీస్తున్నారు. అంటే ఒకప్పుడు ఈ వంశానికంతటికీ రెండు ప్రతులూ పనిచేసే దశ ఉండేది. తర్వాత కొన్ని శాఖల్లో పాతది మూగబోయింది, కొన్నింటిలో కొత్తది మూగబోయింది. ఎన్నిసార్లు అటు, ఎన్నిసార్లు ఇటు అని లెక్కవేస్తే రెండూ దాదాపు సమానం. మూడు నుంచి ఐదుసార్లు అటు, అంతే ఇటు. దేనికీ ప్రత్యేకమైన ఆధిక్యం ఉన్నట్టు కనబడలేదు. వలస వచ్చినవారు గెలిచిన ఇళ్లు కొన్ని, పాతవారే నిలిచిన ఇళ్లు కొన్ని. చాలావరకు ఏ ప్రతి ముందు చెడిపోయిందన్నదే నిర్ణాయకమైంది.

మైటోకాండ్రియాలో డి.ఎన్.ఏ. త్వరగా పాడవుతుంది గనుక జన్యువులు సురక్షిత స్థలానికి చేరుతున్నాయన్న వాదం ఒకటి ఉంది. జంతువుల విషయంలో అందులో బలముంది. మొక్కల్లో మాత్రం మైటోకాండ్రియా జన్యువుల అక్షరాలు కేంద్రకం కంటె నెమ్మదిగా మారతాయని 1987 నుంచే తెలుసు. అందుచేత ఆ వాదం ఇక్కడ సాగదు.

అయినా వలస ఎందుకు ఎక్కువగా ఒకవైపే కనిపిస్తుంది? ముక్కలు ఎడతెగక వచ్చిపడుతూ ఉండడమే ప్రధాన కారణం. హరితరేణువు జన్యువు కేంద్రకానికి చేరడాన్ని 2003లో ఆస్ట్రేలియాలో టిమ్మిస్ బృందం పొగాకు మొక్కల్లో ప్రత్యక్షంగా చూసింది. 16,000 పుప్పొడి రేణువుల్లో ఒకదానిలో అది జరిగింది. ఒక పొగాకు తోటలో ఎన్ని రేణువులు రాలుతాయో ఊహించుకుంటే ఇది అరుదైన సంఘటన కాదని తెలుస్తుంది. మైటోకాండ్రియా నుంచి కూడా ఇలాగే ముక్కలు చేరుతూ ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ వ్యర్థంగా పోతాయి. లక్షల సంవత్సరాల్లో ఏ ఒక్కటో ఆరంభ సంకేతమూ చిరునామా దొరికించుకుని బతుకుతుంది. ఆర్.పి.ఎస్.-10 అనే జన్యువును 277 పూల మొక్కల్లో పరీక్షించి, అది మైటోకాండ్రియా నుంచి విడివిడిగా 26 సార్లు మాయమైందని 2000లో చూపారు. అనేక వంశాల్లో ఎవరి వలస వారిదే, ఎవరి చిరునామా వారిదే.

కాబట్టి ఇందులో కేంద్రీకరణా లేదు, దోపిడీ లేదు, పురోగమనమూ లేదు. మార్పు ఉంది, మార్పుకు భౌతిక కారణాలున్నాయి, దానికొక చరిత్ర ఉంది. మార్పు అంటే అభివృద్ధి అని అర్థం చేసుకునే అలవాటు మనది. దాన్ని ప్రకృతి మీద రుద్దకూడదు.

6. ఎక్కడ ఉన్నామన్నది ఎప్పుడు ముఖ్యం

అలాగని స్థలం ఎప్పుడూ అప్రధానం కాదు. చాలా మొక్కల్లో మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. కేంద్రకపు జన్యువులు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. కనుక మైటోకాండ్రియాలో ఉన్న జన్యువుకు పుప్పొడితో పనిలేదు, పుప్పొడి నశించినా దాని వంశం ఆగదు. ఈ వైరుధ్యం కొన్ని మొక్కల్లో బయటపడుతుంది. మైటోకాండ్రియాలో ముక్కలు కలిసిపోయి కొత్తగా పుట్టిన ఒక జన్యువు పుప్పొడిని చంపేస్తుంది. కేంద్రకంలో దాన్ని అణచే మరో జన్యువు పుడుతుంది. శాస్త్రజ్ఞులు మొదటి రకాన్ని కణద్రవ్య పురుషవంధ్యత్వం అంటారు, రెండోదాన్ని సంతానశక్తిని పునరుద్ధరించే జన్యువు అంటారు.

ఈ వైరుధ్యం మీదే మన ప్రాంతపు సంకర విత్తన వ్యవసాయం నిలబడింది. 1964లో వచ్చిన సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1, 1994లో ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన సంకర వరి ఎ.పి.హెచ్.ఆర్.-1, ఎ.పి.హెచ్.ఆర్.-2 ఇలాంటి ఏర్పాటుతో వచ్చినవే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో అడవి కంది జాతి కణద్రవ్యాన్ని సాగు కందిలోకి తెచ్చి తయారుచేసిన సంకర కంది ఐ.సి.పి.హెచ్.-2671 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. కంది మైటోకాండ్రియా అక్షరాలన్నిటినీ చదివి 2013లో ప్రకటించారు.

చేలో దీని అర్థం చూద్దాం. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల సంకర వరి విత్తనపు మళ్లలో ఆడ వరుసల పువ్వుల్లో పుప్పొడి పనిచేయదు. పూత సమయంలో మగ వరుసల మీదుగా కూలీలు తాడు లాగితే పుప్పొడి రాలి పక్క వరుసలకు చేరుతుంది. పత్తి సంగతి వేరు. 1970లో సూరత్‌లో తొలి సంకర పత్తి రూపొందినప్పటి నుంచి మన దేశంలో పత్తి విత్తనం ప్రధానంగా చేతిపనితోనే తయారవుతోంది. ముందురోజు ఒక్కొక్క మొగ్గ విప్పి పుంకేసరాలు తీసేయాలి, మర్నాడు ఉదయం మగ పువ్వు పుప్పొడి అద్దాలి. 'క్రాసింగ్' అని పిలిచే ఈ పనికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల చేలలో వేల సంఖ్యలో ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టుకున్నారని 1990ల చివరి నుంచి అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. ఒక పంటలో మైటోకాండ్రియా జన్యువు చేసే పనిని మరో పంటలో పదేళ్ల పిల్ల వేళ్లు చేశాయి.

ఆ పిల్ల చేలో ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు జన్యువులో దొరకదు. అది కూలిరేట్లలో, విత్తన కంపెనీల ఒప్పందాల్లో, తండ్రి తీసుకున్న అడ్వాన్సులో ఉంది. జీవశాస్త్రం ఆ పని ఎందుకు అవసరమైందో చెబుతుంది. ఆ పని ఆమె మీద ఎందుకు పడిందో సమాజాన్ని చదివితేనే తెలుస్తుంది. రచయిత ఈ రెండు ప్రశ్నలను కలపకూడదు, ఏ ఒక్కదాన్నీ వదలకూడదు.

7. రచయితలకు మిగిలేది

ప్రకృతిని తమకిష్టమైన సిద్ధాంతానికి సాక్షిగా నిలబెట్టే ప్రయత్నాలు కొత్తవి కావు. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ పేరు మీద వాదించినవారున్నారు. దానికి జవాబుగా క్రొపోట్కిన్ 1902లో పరస్పర సహాయం గురించి గ్రంథం ప్రకటించాడు. అభ్యుదయ శిబిరం మరచిపోకూడని అధ్యాయం మరొకటి ఉంది. సోవియట్ యూనియన్‌లో వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 1948 ఆగస్టు సమావేశంలో లైసెంకో వాదాన్ని అధికార సిద్ధాంతంగా ప్రకటించారు. అప్పటికే, 1943లో, ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్ సరాతోవ్ జైలులో చనిపోయాడు. జన్యువులు మారని శాసనాలన్న వాదాన్ని ఖండించడం పేరుతో జన్యుశాస్త్రాన్నే బహిష్కరించారు. ఫలితంగా చేలు నష్టపోయాయి, శాస్త్రజ్ఞులు నష్టపోయారు, సిద్ధాంతం కూడా పరువు పోగొట్టుకుంది. విచిత్రమేమంటే జన్యువుల చలనాన్ని చివరకు రుజువు చేసింది ఆ బహిష్కృత శాస్త్రమే. నినాదంతో కాక, పెసర, అలసంద, సోయా ప్రతులను అక్షరం అక్షరం పోల్చి చూసి రుజువు చేసింది.

ఈ విషయం నుంచి మన రచయితలు తీసుకోదగిన ఉపమానాలు లేకపోలేదు. సాపుప్రతి, అరువు చిరునామా, ఒకే గడపలో ఇద్దరి కాపురం, ఇవన్నీ కథకుడి చేతికి అందేవే. ఉపమానాన్ని ఉపమానంగా వాడుకోవడంలో తప్పులేదు. దాన్ని రుజువుగా వాడినప్పుడే ప్రమాదం. "జీన్స్‌లోనే ఉంది" అని రాసే ముందు రచయిత ఈ ప్రశ్నలు వేసుకోవాలి: ఏ గూటిలో ఉంది? ఏ ప్రతి పనిచేస్తోంది? దాన్ని ఎవరు దిద్దారు? ఏ పరిసరాల్లో అది చదవబడుతోంది? పెసర గింజకే ఇన్ని ప్రశ్నలు అవసరమైనప్పుడు, మనిషి విషయంలో ఒక్క వాక్యంతో తీర్పు చెప్పడానికి ఏ విమర్శకుడికీ, ఏ కథకుడికీ హక్కు లేదు.